అమ్మమ్మ పచ్చబొట్టు

కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో, కొడుకు కంప్యూటర్ క్లాసులో బాగుచేసి తెచ్చిన ఫొటోని ఆమె కిటికీ వెలుగులోకి పట్టుకుంది. చనిపోయిన తన తల్లిది మిగిలిన ఒకే ఒక్క ఫొటో అది.

"ఎంత తెల్లగా చేసీసినావురా! మా అమ్మ చూస్తే సిగ్గుపడిపోయేది."

"మరకలన్నీ తీసేశానమ్మా. గెడ్డం మీద పచ్చగా బూజు కూడా పట్టింది, అదీ తుడిచేశాను."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"బూజేటిరా? అది పచ్చబొట్టు."

"అంటే ఏటి?"

"మీ బెంగాలీలో ఉల్కీ రా, ఉల్కీ! చచ్చినా మనతో కూడా వచ్చే సొమ్ము అదొక్కటేనని మా అమ్మ మురిసిపోయేది."

"తెలీలేదమ్మా. నిన్నొకసారి అడగాల్సింది."

"పాత ఫొటో ఇలా తే."

"స్కానర్ మీంచి తీస్తుంటే ముక్కలైపోయింది. కంప్యూటర్లో కూడా పాతదాని మీదే దీన్ని సేవ్ చేసేశాను."

ఆమె ఫొటోని మళ్ళీ వెలుగులోకి పట్టి చూసింది.

"మళ్ళీ పెట్టేస్తానమ్మా. సరిగ్గా ఎక్కడుండేదో చూపించు, చాలు."

ఆమె ఫొటోలో గెడ్డానికి ఎడమపక్క వేలు ఆనించింది. కాదనుకుని కుడిపక్కకి జరిపింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది.

"ఇక్కడేనా అమ్మా?"

"చిన్నప్పుడు రోజూ ముద్దెట్టుకున్న చోటేరా నాన్నా... ఏ పక్కో గుర్తురావట్లేదు."