పొయ్యి లేని క్యాబిన్

అది కాదన్నయ్యగారూ, పొయ్యి బాగాలేదని నేనెప్పుడన్నాను? పొయ్యి ఉంది, అదీ నా బాధ. పక్కన గట్టు, కింద గ్యాస్ బండ, పైన గిన్నెలకి అలమర. ఫొటోలో తళతళలాడిపోతోంది. దాన్ని చూసే మావాళ్ళు సెలవులకి సరస్సు ఒడ్డున ఆ క్యాబిన్ తీసుకున్నారు. దాన్ని చూసే నేనిలా మీ బుకింగ్ ఆఫీసుకి పరిగెత్తుకొచ్చాను.

కాదు కాదు, రద్దు చెయ్యడానికి కాదు. కంగారుపడకండి. పెద్ద క్యాబిన్ అలాగే ఉండనివ్వండి. నాకింకోటి కావాలి, చిన్నది.

ఎందుకంటే... నా వెనకాల ఎవరూ లేరు కదా? ఉంటే నేనే పక్కకి జరిగేదాన్ని. నేనూ కౌంటర్ మనిషినే, మందుల షాపులో పనిచేస్తాను. జలుబు మాత్ర కోసం వచ్చి వాళ్ళ పెళ్ళి దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్ళు రోజూ తగులుతారు నాకు. ఇవాళ మీకు నేను తగిలాను, ఏం చేస్తాం.

మా ఆయన టైల్స్ మేస్త్రీ. గుర్తొచ్చారా? గది పొడుగెంత, వెడల్పెంత, తలుపు ఎటు తెరుచుకుంటుంది అని ఫోన్ చేసి మీ ప్రాణం తీసింది ఆయనే. పాపం ప్లాను తీసి ఓపిగ్గా చదివి వినిపించింది మీరేనా? ఎంత పుణ్యం కట్టుకున్నారో మీకు తెలీదు.

ఏదో చెప్పబోతున్నట్టున్నారు. తర్వాత చెబుదురుగాని, ఉండండి, మధ్యలో ఆపితే నాకు మాట తెగిపోతుంది.

ఆయన కళ్ళతో చూస్తే నమ్మరు, కొలిస్తేనే నమ్ముతారు. కిందటి సెలవు రోజు పొద్దున్నే సోఫా వరండాలోకి తోసేశారు. సుద్దముక్క పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని మా హాల్లో మీ క్యాబిన్ మొత్తం గీసేశారు. బొమ్మ కాదండీ, అసలు కొలతే. ఇక్కడ తలుపు, ఇక్కడ కిటికీ, ఇక్కడ బాత్‌రూమ్. చెప్పుల స్టాండు వైపు అడవి. టీవీ వైపు సరస్సు.

తర్వాత అందర్నీ పిలిచి, రండి, పడుకుని చూద్దాం అన్నారు. పిల్లలు బుద్ధిగా సుద్ద తలుపులోంచి వెళ్ళారు. మా మరిది గీత దాటి వచ్చేశాడని, గోడలోంచి ఎలా వస్తావురా అని వెనక్కి పంపించారు. అతనూ నోరు మూసుకుని వెనక్కెళ్ళి తలుపులోంచి వచ్చాడు. మా ఇంట్లో అంతే, ఆయన గీసింది గోడ అంటే గోడే.

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడకి బాత్‌రూమ్ పక్కన. మరిది గురక పెడతాడు, తలుపు దగ్గర. కిటికీ నాదంటే నాదని పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. చివరికి తలా తలా ఆనించి పడుకుని ఆపేసిన టీవీ వంక చూస్తున్నారు. ఏం చూస్తున్నార్రా అంటే, సరస్సమ్మా అంటాడు మావాడు.

ఎంత ముచ్చటేసిందో. అసలు ఈ ప్రయాణం మాట ఎత్తింది నేనే. మా షాపు గోడ మీద ఒక క్యాలెండర్ ఉంది. అందులో అడవి, సరస్సు, నీళ్ళ మీదకి ఒక చెక్క వంతెన. బేరాల్లేనప్పుడల్లా దాన్నే చూస్తూ ఉంటాను. ఆ వంతెన చివర కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవాలి. అంతకుమించి నాకేం అక్కర్లేదు. ఎప్పట్నుంచో అడుగుతుంటే ఇన్నాళ్ళకి కదిలారు అందరూ.

నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన తనూ ఓసారి నడుం వాల్చి చూసుకుని లేచారు. ఆఖరి టైలు కొయ్యక్కర్లేకుండా కూర్చుంటే ఆయన మొహం ఒకలా వెలుగుతుంది, అలా వెలిగింది. సరిగ్గా సరిపోయింది, జానెడు కూడా వృథా పోలేదు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, గరిటె చంకలో పెట్టుకుని.

కొట్టాక తట్టింది. మరి నేను, అన్నాను.

ఆయన వంగి గీతలన్నీ మళ్ళీ చూశారు. గోరంత తేడా వస్తే పరిచిన నేల పగలగొట్టి మళ్ళీ పరిచే మనిషి అన్నయ్యగారూ. ఆ మనిషి తలెత్తి, నువ్వు పొయ్యి దగ్గర ఉంటావు కదా, అన్నారు.

కోపంగా కాదు, వెటకారంగానూ కాదు. గోడ ఇక్కడుంది అని చెప్పినట్టు చెప్పారు.

పడుకునేటప్పుడు కూడానా, అన్నాను. అప్పుడు మా అత్తగారు గోడవైపు తిరిగి పడుకునే, దాని సంగతి వదిలెయ్యండి, అది ఎక్కడో చోట సర్దుకుంటుందిలే, అందావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? కూర అడుగంటుతోందని లోపలికెళ్ళిపోయి పొయ్యి కట్టేసి అక్కడే ఏడ్చాను. మీ దగ్గర దాచడమెందుకు.

ఆ గీతలు ఇంకా ఉన్నాయండీ మా హాల్లో. ప్రయాణం అయ్యేదాకా తుడవకూడదట. కాఫీ గ్లాసులు పట్టుకుని గోడల్లోంచి అటూ ఇటూ తిరుగుతున్నాను.

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను కూడా పడుకుని చూశాను. ఇక్కడ పడుకుంటే అత్తగారి చోటు. అటు జరిగితే పిల్లది. ఇటు మరిది. ఖాళీ ఇంట్లో అందర్నీ తప్పుకుంటూ దొర్లాను, పిచ్చిదానిలా. చివరికి లేచి గీత దాటి టీవీ ముందు చతికిలబడ్డాను. చల్లగా, హాయిగా ఉంది. కాసేపయ్యాక గాని తెలియలేదు, నేను కూర్చుంది సరస్సులో అని.

అప్పుడే అనుకున్నాను.

అదిగో, మీ తల వెనకాల ఆ మూలనున్న ఫొటో, ఆ చిన్న క్యాబిన్ కావాలి నాకు. అవతలి ఒడ్డుదే. ముందు చెక్క వంతెన కూడా ఉంది చూడండి. అందులో పొయ్యి లేదు కదా? లేదు, నేను ముందే కనుక్కున్నాను. భోజనం పెద్ద క్యాబిన్ నుంచి పడవలో తెచ్చుకోవాలట. తెస్తార్లెండి ఎవరో ఒకరు. మా మరిదికి వంటొచ్చు. ఆయనకి రాకపోతే కొలుచుకుని నేర్చుకుంటారు.

అక్కడ్నుంచి మావాళ్ళ క్యాబిన్ కనిపిస్తుందా? కనిపించాలి. నేనేం ఇల్లు వదిలి పారిపోవట్లేదు. పిల్లలు ఈత కొడుతుంటే చూడాలి నాకు. కనిపించాలి గానీ వినిపించకూడదు. అమ్మా తువ్వాలేదీ, అమ్మా ఉప్పెక్కడుంది, ఇవేవీ వినిపించకూడదు.

మళ్ళీ చెయ్యెత్తుతున్నారు. ఒక్క ముక్క, అయిపోయింది.

అందరికన్నా ముఖ్యంగా మా అత్తగారి గొంతు వినిపించకూడదు. మంచావిడే, కాదనను. కానీ పొద్దున్నే కళ్ళు తెరవకముందే కాఫీ అంటుంది. కాఫీ అవగానే వేణ్ణీళ్ళు. నిన్నటికి నిన్న, చెల్లెలితో మాట్లాడాలి అని నా ఫోన్ పట్టుకుని, ఆ మోకాళ్ళతో, మేడెక్కింది. ఇంట్లో మాట్లాడకూడని మాటలేమున్నాయో. దిగొచ్చి ముసిముసిగా నవ్వుకుంటూ, నీ స్వెట్టరు ఉతికి ఆరేసుకో, అంది నాతో. చూశారా, నిలబడ్డ మనిషి కనిపిస్తే చాలు ఏదో పని చెప్పాలావిడకి.

సరే, ఇక మీరు చెప్పండి. నా ఫోన్ నంబరా? ఆయన కొలతల కోసం ఫోన్ చేసింది కూడా నా నంబరు నుంచే, మీ దగ్గర ఉంటుంది చూడండి.

ఉందా? ఉంటే రాసుకోండి మరి, అలా చూస్తారేం?

బుక్కయిపోయిందా? ఎవరు తీసుకున్నారండీ ఆ చిన్నదాన్ని?

నా నంబరు నుంచా? నేనెప్పుడు చేశాను?

నిన్ననా.

పెద్దావిడ గొంతా?

మేస్త్రీ తల్లినని చెప్పిందా? పొయ్యి ఉందా అని గుచ్చి గుచ్చి అడిగిందా? లేదంటే, హమ్మయ్య అందా?

ఎంతమందికి... ఇద్దరికా.

ఆ కుర్చీ కాస్త ఇటు జరుపుతారా. కూర్చుంటాను.

ఇందాకట్నుంచి మీరు చెప్పబోయింది ఇదేనా? నేనే చెప్పనివ్వలేదు. ఎక్కడో చోట సర్దుకుంటుందిలే అని గోడవైపు తిరిగి అందే, అప్పుడే అనుకుని ఉంటుందా? ఆవిడా ఇన్నేళ్ళూ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషే కదా. ఆ మోకాళ్ళు ఊరికే పోయాయా? నాకెందుకు తట్టలేదు? సరస్సు దగ్గర చలికని స్వెట్టరు ఉతుక్కోమంటే విసుక్కుంటూ మూల పడేశాను.

నిజం చెప్పమంటారా? నేను అందరికన్నా ముందు ఆవిడ నుంచే తప్పించుకుందామని వచ్చాను. ఇప్పుడు ఆవిడతోనే, ఒక్క గదిలో, పక్క పక్క మంచాల మీద. నా రాత చూడండి.

వద్దొద్దు, కొట్టెయ్యకండి. అలాగే ఉండనివ్వండి. ఇద్దరికే. నేనొచ్చానని కూడా ఆవిడకి చెప్పకండి.

పొద్దున్నే లేచి కాఫీ అంటుంది చూడండి, అక్కడ కూడా. అననివ్వండి.

అది సరేగానీ అన్నయ్యగారూ, పెద్ద క్యాబిన్ నుంచి మా ఒడ్డుకి మాట వినిపించదంటారా, బాగుంది. ఇద్దరు ఆడవాళ్ళు గొంతు కలిపి కాఫీ అని కేకేస్తే, మా ఒడ్డు నుంచి వాళ్ళకి వినిపిస్తుందా?