ముంచాల్సిన పడవ

గిలకలదిండి కాలువ గట్టు మీద షెడ్డులో పాత పందెం పడవ ఉంది. దాని పలకల సందుల్లోంచి అవతలి వెలుగు కనిపిస్తోంది. పడవలు కట్టే ముసలాయన, పడవ యజమాని కూతురు దాని పక్కన నిలబడి ఉన్నారు.

"నాన్న పోయాక దీని మీద చినుకు పడనివ్వలేదు మావయ్యా. రేకులు కూడా నేనే వేయించాను."

"అదేనమ్మా నువ్వు చేసిన పొరపాటు. తడి లేక చెక్క ముడుచుకుపోయింది."

"బాగవదా? వచ్చే పందేనికి దీని మీదే తెరచాప ఎత్తుదామనుకున్నా."

"అవుద్దేమో. ముందు కాలువలో ముంచాలి. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే సందులు మూసుకుంటాయి."

"నాన్న పడవని ముంచడమా?"

"ప్రతి పందెంలో నా పడవతో దీని వెనకాలే వచ్చేవాణ్ని. ఇది మునిగిపోవాలని ఎన్ని దణ్ణాలు పెట్టానో."

"అయితే ఇన్నాళ్లకి మీ మొక్కు ఫలించిందన్నమాట."

"నవ్వకమ్మా. తీరా నా చేతికొచ్చాక మనసొప్పడం లేదు."

"ఒకవేళ చెక్క ఉబ్బకపోతే?"

"ఇక పొయ్యిలోకే. ఆ సంగతి ముంచితేనే తెలుస్తుంది."

"కాలువలో పోటు ఎక్కుతోంది మావయ్యా. మనుషుల్ని పిలవండి, దింపేద్దాం."

"పిలుస్తా. ముంచే ముందు మొదటి బిందె నీళ్లు మాత్రం నువ్వే పొయ్యాలి. నా చేత్తో పోస్తే మీ నాన్న ఊరుకోడు."

ఆమె కాలువలో బిందె ముంచి తెచ్చి పడవలో పోసింది.

"అంతా కారిపోతోంది మావయ్యా."

"కారనీ. ఇంకో బిందె తే."