మైలవరం మామిడితోట బేరగాళ్ళు

కాశిం పోగొట్టుకున్న బండి దొరికిందని ఆటోనగర్లో అందరికీ తెలుసు. ఎవరి వల్ల దొరికిందన్న దగ్గరే రత్తయ్యకి కడుపు మండుతోంది.

రత్తయ్యది లేత్ షెడ్డు. దాని ఎదురుగా డయానా టీ కొట్టు. భర్త పోయాక ఆవిడ ఆ కొట్టు పెట్టినప్పుడు మొట్టమొదటి గ్లాసు తాగింది తనేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. పొయ్యికి దగ్గరగా ఉన్న బల్ల చివర తన సొంతమన్నట్టు కూర్చుంటాడు. బండి దొరికిన మర్నాడు పొద్దున అదే చోట విశ్వేశ్వర్ కూర్చుని కనిపించాడు. డయానా అతనికి చక్కెర తక్కువేసి విడిగా కాచి ఇచ్చింది. అతనేదో చెబితే పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఇన్నేళ్ళుగా రత్తయ్య చెప్పిన ఏ మాటకీ ఆవిడ అలా నవ్వలేదు. ఆ రోజంతా అతను లేత్ మీద ఏ పనీ సరిగ్గా చెయ్యలేకపోయాడు.

విశ్వేశ్వర్‌ని నమ్మేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఒకప్పుడు దొంగబండ్లు విప్పి అమ్మే ముఠా దగ్గర పనిచేశాడు. అదంతా మానేసి వన్ టౌన్లో ఆటో నడుపుకుంటున్నానంటాడు గానీ, అతను వస్తుంటే మెకానిక్కులు పానాలు లోపల పెట్టేసుకుంటారు. కాశిం మినీ లారీ పోయినప్పుడు తనంతట తనే వచ్చి, అలాంటి బండ్లని విప్పే ముందు మైలవరం అవతల ఒక మామిడితోటలో దాస్తారని చెప్పింది అతనే. పోలీసుల్ని పిలవాలన్నా ముందు బండి అక్కడుందని కళ్ళారా చూడాలి. వీడు మనల్ని తీసుకెళ్ళి వాళ్ళకే అప్పజెబుతాడని రత్తయ్య మొత్తుకున్నాడు. ఆ బండి తప్ప కాశింకి వేరే బతుకుతెరువు లేదు. చిన్నప్పటినుంచీ స్నేహితుడు, ఒంటరిగా పంపడానికి రత్తయ్యకి మనసొప్పలేదు. ముగ్గురూ తోట కొనే వ్యాపారుల్లా వేషాలు వేసుకుని బయల్దేరారు.

డయానా అలా నవ్విన రోజు సాయంత్రం కొట్టు దగ్గర జనం బాగానే ఉన్నారు. కాలు బెణికి కాశిం ఇంట్లోనే ఉన్నాడు. విశ్వేశ్వర్ కూడా లేడు. స్పేర్ పార్ట్స్ షాపులో గుమాస్తా వెంకటేశ్వరరావు గారు టీ ఊదుకుంటూ అసలేం జరిగిందని అడిగారు. రత్తయ్య పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాడు.

"పెద్ద విశేషమేం లేదండీ. మారువేషం అన్నది నా ఐడియా, అంతే. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతికి గిల్టు కడియం, కళ్ళకి నల్లద్దాలు. అద్దంలో చూసుకుని నేనే లేచి నిలబడ్డానండీ, ఎవరో పెద్దమనిషి వచ్చాడని."

వేషం ఆలోచన విశ్వేశ్వర్‌ది. నల్లద్దాలు కూడా విశ్వేశ్వర్‌వే. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, రత్తయ్య దాన్ని టీతో పాటు మింగేశాడు. తోట దగ్గర కాపలావాడు తనని చూడగానే చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడనీ, ఏ ఊరి జమీందారు గారని అడిగాడనీ చెప్పుకొచ్చాడు.

"మరి బేరం ఎవరు మాట్లాడారు? పూత ఎంత నిలుస్తుంది, కాయ ఎంత దిగుతుంది, అవన్నీ నీకేం తెలుసు?" అన్నారు వెంకటేశ్వరరావు గారు.

తోటలో జరిగింది రత్తయ్య కళ్ళ ముందు కదిలింది. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళతో ధర చెప్పుకునే బేరం అది. విశ్వేశ్వర్ పుట్టుకతోనే మామిడి వ్యాపారి అయినట్టు తోట మనిషితో నవ్వుతూ, కొసరుతూ, మధ్యలో పిందె కోసి కొరికి చూస్తూ వాడిని అరగంట కదలనివ్వలేదు. ఆ సందులోనే కాశిం తోట వెనకున్న షెడ్డు దాకా వెళ్ళి, తన బండిని చూసుకుని, పోలీసులకి ఫోను చేశాడు. రత్తయ్య మాత్రం చెట్టు కింద చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"చెయ్యి పెట్టింది విశ్వేశ్వరేలెండి," అన్నాడు చివరికి, తప్పక.

"ఆయనకి మాట నేర్పు ఉంది," అంది డయానా, పాలగిన్నె దించుతూ.

ఆ ఒక్క మాట రత్తయ్యకి నిప్పురవ్వలా తగిలింది. చెయ్యి పెట్టాడు సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ గొంతు పెంచాడు. విశ్వేశ్వర్ చెయ్యి వణుకుతుంటే తోటవాడికి అనుమానం వచ్చిందట. అప్పుడు రత్తయ్య ఆ చెయ్యి పక్కకి తోసి తన చెయ్యి పెట్టాడట. లేత్ తిప్పిన చెయ్యి కదా, ఒక్క వేలు నొక్కేసరికి తోటవాడు తోట ఇచ్చేస్తానన్నాడట. రెండో వేలు నొక్కితే తోట వెనకాల కొండ కూడా కలిపి రాసిస్తానన్నాడట.

"కొండ ప్రభుత్వానిది కదయ్యా," అన్నారు వెంకటేశ్వరరావు గారు.

"అదే నేనూ అన్నానండీ. అందుకే వద్దన్నాను."

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. డయానా మాత్రం గ్లాసులు కడుక్కుంటోంది. రత్తయ్య ఆవిడ వీపు వంకే చూస్తూ వేగం పెంచాడు. వాళ్ళకి సంగతి తెలిసిపోయి కుక్కల్ని వదిలారనీ, దూడలంతేసి కుక్కలనీ, నల్లద్దాలు తీసి ఒక్క చూపు చూసేసరికి అవి వరసగా కూర్చుని తోకలు కాళ్ళ మధ్య దాచుకున్నాయనీ చెప్పాడు. విశ్వేశ్వర్ అప్పుడేం చేస్తున్నాడని ఎవరో అడిగారు. ప్రతిసారీ ఆ పేరే. వాడు చెట్టెక్కాడన్నాడు రత్తయ్య. అది చాలదనిపించి, చెట్టు మీద ఏడుస్తున్నాడని కూడా చేర్చాడు.

కుక్కల తర్వాత మనుషులొచ్చారట, కర్రలు పట్టుకుని ఊరు ఊరంతా. రత్తయ్య ఒక మామిడికొమ్మ విరిచి గిరగిరా తిప్పితే ఆ గాలికి తోటలో పిందెలన్నీ రాలి, వాళ్ళంతా వాటి మీద జారిపడ్డారట. సరే, బండి దగ్గరికి వెళ్తే ఏముంది, టైర్లు లేవట. పోనీలే చక్రాల డ్రమ్ముల మీద తోలదామని బానెట్ ఎత్తితే ఇంజను కూడా లేదట.

"ఇంజను లేని బండి ఎలా కదిలిందయ్యా?"

"సీట్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నానండీ, నా చెయ్యి తగలగానే కదిలింది. కాశిం కొన్నప్పటినుంచీ దానికి రిపేర్లన్నీ చేసింది నేనే కదా, ఆ విశ్వాసం. మైలవరం దాటాక పగ్గాల్లేవు. వెలగలేరు దగ్గర బుడమేరు అడ్డం వచ్చింది. వంతెన దాకా పోయి రావడం ఎందుకులే అని ఎగిరించాను. పైనుంచి చూస్తే కృష్ణా బ్యారేజీ గేట్లన్నీ దువ్వెన పళ్ళలా కనిపించాయండీ. దించే చోటు దొరక్క ఇంద్రకీలాద్రి చుట్టూ ఒకసారి తిరిగి, అమ్మవారికి పైనుంచే దణ్ణం పెట్టుకుని, ఆటోనగర్ గేటు దగ్గర దింపాను."

"బండి పోలీసులు తెచ్చారని విన్నాను."

"వాళ్ళు వెనక వచ్చారులెండి. కిందపడ్డ ఆయిల్ చుక్కలు చూసుకుంటూ."

"ఇంజను లేదన్నావు. ఆయిల్ ఎక్కడిది?"

"అది నా చెమటండీ," అన్నాడు రత్తయ్య.

ఈసారి నవ్వు రోడ్డు అవతలి షెడ్లదాకా వినిపించింది. డయానా కూడా చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది, కానీ నవ్వలేదు. ఆవిడ ఎక్కడో ఆలోచిస్తున్నట్టుంది. రత్తయ్యకి ఆ నవ్వులన్నీ ఒక్కసారిగా రుచి లేకుండా పోయాయి.

"అదంతా సరే రత్తయ్యగారూ," అంది. "విశ్వేశ్వర్‌గారు పొద్దున ఇంకోలా చెప్పారు."

అయితే పొద్దున ఆ నవ్వు తన గురించే అనుకున్నాడు రత్తయ్య. తను చెట్టు కింద నిలబడి వణికిన సంగతంతా వాడు పూసగుచ్చినట్టు చెప్పి ఉంటాడు.

"ఏం చెప్పాడేంటి?"

"తోటవాళ్ళకి అనుమానం వచ్చి కుక్కల్ని వదలగానే అందరికన్నా ముందు పరిగెత్తింది తనేనన్నారు. మీరు కూడా గేటు దాటి రోడ్డెక్కేశారట. కాశింగారు కాలు మెలికపడి లోపలే పడిపోతే, మీరొక్కరే వెనక్కి వెళ్ళారట. వెళ్ళి ఆయన మీద అడ్డంగా పడుకున్నారట. పోలీసు జీపు వచ్చేదాకా లేవలేదట."

పాలు పొంగుకొస్తే డయానా మంట తగ్గించింది.

"మరి పొద్దున అంతలా నవ్వారెందుకు?" అన్నాడు రత్తయ్య. అడగకూడదనుకుంటూనే అడిగేశాడు.

"కుక్క మీ పిక్క పట్టుకుంటే మీరు పెట్టిన కేక ఆనవాలు పట్టుకునే జీపు దారి తప్పకుండా వచ్చిందని చెప్పారు. దానికి నవ్వాను." ఆవిడ గొంతు తగ్గింది. "తర్వాత ఆయన ఇంకో మాట కూడా అన్నారు. నేనైతే వెళ్ళి ఉండేవాడిని కాదు డయానాగారూ అన్నారు."

వెంకటేశ్వరరావు గారు వంగి రత్తయ్య ప్యాంటు అంచు వైపు చూశారు. రత్తయ్య ఆ కాలు బల్ల కిందికి లాక్కున్నాడు.

నిజమే, వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అతనికీ తెలియదు. కాశిం పడిపోయాడు, అంతే, కాళ్ళు వెనక్కి తిరిగాయి. ఆ తర్వాత గుర్తున్నదల్లా మట్టి వాసన, కింద కాశిం ఊపిరి, పిక్కలో దిగిన పళ్ళు, తన నోటినుంచి వచ్చిన ఆ కేక. అలాంటి కేక పెట్టిన మనిషి డయానా ముందు ఆ కథ ఎలా చెబుతాడు? అందుకే దాన్ని వదిలేసి, సాయంత్రమంతా ఆకాశంలో బండి తోలాడు. వదిలేసిన ఆ ఒక్క ముక్కనీ విశ్వేశ్వర్ పొద్దున్నే ఏరుకొచ్చి, తనే ముందు పారిపోయానని కూడా ఒప్పుకుని, శుభ్రంగా ఆవిడ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. వాడు తనని తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది. తిరిగి తిట్టేవాడు.

"నిజమేనా రత్తయ్యా?" అన్నారు వెంకటేశ్వరరావు గారు. ఆ అడగడంలో ఎగతాళి లేదు.

డయానా కళ్ళు రత్తయ్య మొహం మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని అలా చూడటం అదే మొదటిసారి. అవునంటే చాలు. కానీ అవునంటే విశ్వేశ్వర్ నిజం చెప్పేవాడని కూడా ఒప్పుకోవాలి.

రత్తయ్య లేచి, ఖాళీ గ్లాసు పొయ్యి పక్కన పెట్టాడు.

"వాడి మాటలు నమ్మకండి డయానాగారూ," అన్నాడు. "వాడివన్నీ కోతలు."