పొడి గుడ్డ

విశాఖపట్నం, జాలరిపేట. తొంభై ఎనిమిది కార్తీకం. ముసురు పట్టి, ఎండ మొహం చూసి వారమైంది. మధ్యాహ్నం వేళ ఇంట్లో ఇద్దరే ఉన్నారు: అత్త పోతమ్మ, ఇప్పుడే చంటిపిల్లని ఆస్పత్రిలో చూపించుకొచ్చిన కోడలు గంగాభవాని.

“పెట్టె తాళం ఇయ్యత్తా.”

“మల్లీ అదే పాట. ముందు గుంటని పడుకోబెట్టు, వానలో తిరిగొచ్చినావు. డాట్రేటన్నాడు?”

“రొమ్ము పట్టీసిందన్నాడు. డొక్కలెగరేత్తంది సూడు. రాత్రుళ్ళు తడిలో పడుకోబెడతన్నారా అనడిగినాడు. సిగ్గుతో నా తలకాయ ఒంగిపోనాది.”

“మందిచ్చినాడా నేదా?”

“ఇచ్చినాడు. మందు పోసినా తడిలో పడుకుంటే పన్జెయ్యదంట. ఈ రాత్రి పొడిగా ఉంచమన్నాడు. రేపటికి తగ్గకపోతే జాయిన్ సేసీయాలన్నాడు. తాళమియ్యి.”

“కింద రబ్బరు షీటేసినాం కదే.”

“షీటేత్తే బొంత తడవదు. పిల్ల తడవదా? పోసిందంతా షీటు మీద మడుగు కడతాది, ఆ మడుగులోనే ఇది. తెల్లారి ఎత్తితే వీపు ఐసులోంచి తీసిన సేపలాగున్నాది.”

“మరి మందుల షాపోడు అంటగట్టిన నేపీలేటయ్యాయి? మింగ మెతుకు నేదు, మీసాలకి సంపెంగ నూనె! నానొద్దంటే ఇన్నావు కావు.”

“కారిపోతన్నాయత్తా. సంటిది సన్నం, తొడల కాడ సందు. రెండు సార్లు పోత్తే పక్కలంటా కారిపోతాది. పైన ప్లాస్టిక్ జాంగ్యా తొడిగితే లోపల ఉడికిపోయి తోలూడొచ్చీసింది. నువ్వూ సూసినావు. ముట్టుకుంటే కెవ్వుమంతంది.”

“అలగైతే గుడ్డలే కట్టు. మా కాలంలో నేపీలెవడికి తెలుసు? గుడ్డల మీదే పెంచినాను.”

“గుడ్డలెక్కడున్నాయి? నా సీరలన్నీ పాలిస్టరు, నీళ్ళు పోత్తే జారిపోతాయి. నీ నేత సీరలు సింపీసినాం. అయ్యేమో ఈ ముసురుకి ఆరట్నేదు. కుంపటి మీద గంప బోర్లించి ఆరేత్తే పొగ కంపు, ఆ పొగకి దీనికి దగ్గు. ఇంకెక్కడి నుంచి తేను?”

“పక్కింటి గంగాలమ్మనడుగు. ఆలింట్లో పాత దుప్పట్లుంటాయి.”

“మొన్నే ఇచ్చింది. రోజూ ఏ మొకమెట్టుకుని అడుగుతాను? ఇంట్లో పెట్టె నిండా నూలు లుంగీలెట్టుకుని ఊరి మీద పడి అడుక్కోమంటావా?”

“అయ్యి నా కొడుకువే.”

“పిల్ల నీ కొడుకుది కాదేటి?”

“నోరు సూసుకో, భవానీ.”

“సూసుకునే అడుగుతన్నాను. ఒక్కటియ్యి సాలు. నాలుగు ముక్కలు సేత్తే ఈ రాత్రి గడిచిపోద్ది.”

“కావాలంటే నా ఒంటి మీద సీర ఇప్పి ఇత్తాను.”

“అదీ నైలానే.”

“రాత్రంతా నానే ఒళ్ళో ఎట్టుకుని కూకుంటాను. తడిసినప్పుడల్లా తుడుత్తాను. నువ్వు పడుకో.”

“దేంతో తుడుత్తావత్తా? దేంతో?”

“ఆడొచ్చి నా లుంగీలేవే అమ్మా అంటే ఏటి సెప్పమంటావు? కొత్తది కట్టడు ఆడు, కరుకంతాడు. కట్టి కట్టి మెత్తబడినవే కావాల ఆడికి.”

“మెత్తగున్నాయనే నానూ అడుగుతన్నాను. ఆడొత్తే ఆడే నవ్వుతాడు, నా కూతురికి కడితే కట్టినారులే అంతాడు. ఆ మాత్రం తెల్దా నీకు నీ కొడుకు?”

“అదంతా నాకు తెల్దు. సముద్రం మీద ఏటకెల్లిన మొగోడి గుడ్డ మీద ఈ పేటలో ఏ ఆడదీ సెయ్యెయ్యదు. సింపితే ఆ మనిసి మరి రాడు. నీకూ తెలుసది.”

“ఏటకెల్లి మూడు నెలలైంది.”

“అయితే? ఇంజిను పాడై కొట్టుకుపోయినోలు ఏడాదికి రానేదా, రెండేళ్ళకి రానేదా? బంగ్లాదేసం జైల్లో ఉన్నాడని అబ్బులు సెప్పనేదా?”

“బోటు డ్రైవరు అబ్బులేనా?”

“మరింకెంతమంది అబ్బులు? ఆడే.”

“నీతో సెప్పినాడా?”

“సెప్పినాడు.”

“ఏటని?”

“అదే. హార్బర్లో ఎవరో అనుకుంటంటే ఇన్నాడంట. సింహాద్రి బతికే ఉన్నాడు, ఆలు పట్టుకున్నారు, ఒగ్గీగానే ఒచ్చీత్తాడని.”

“ఎప్పుడు సెప్పినాడు?”

“ఎప్పుడో! నువ్వేటి పోలీసువా? గుంట లేత్తన్నట్టుంది, సూడు.”

“గుంట నిద్దరోతంది. అబ్బులు ఈవేళ ఆస్పత్రిలో కనపడినాడత్తా. పెళ్ళాన్ని సూపించడానికి తెచ్చినాడు.”

“...ఏటంటాడు?”

“అన్నా, బంగ్లాదేసం నుంచి మల్లీ ఏటైనా కబురొచ్చిందా అనడిగినాను. ఏ బంగ్లాదేసమమ్మా అన్నాడు.”

“తాగితే ఆడేటి కూత్తాడో ఆడికే తెల్దు.”

“పొద్దున్నే ఓపీ లైన్లో తాగుంటాడా? సెప్పేవోడికి ఇనేవోడు లోకువంతారు. ఇన్నాళ్ళూ నాను ఇన్నాను. రోజూ దీపమెట్టి, ఆ జైలోడి మనసు మెత్తబడాలని నూకాలమ్మ తల్లికి మొక్కినాను. నేని జైలుకి మొక్కినానత్తా!”

“సరే. అబద్దమే. అన్నాను. ఎందుకన్నాను? నువ్వు పచ్చి బాలింతవి. ఏ కబురూ నేదని బెంగెట్టుకుంటే పాలెండిపోతాయని అన్నాను. తప్పా?”

“తప్పు కాదు. అబ్బులు అక్కడితో ఆపుంటే, నా మంచికే అన్నావనుకుందును.”

“ఇంకేటి కూసినాడా సచ్చినోడు?”

“వినాయక సవితికి ముందర నిన్ను ఆటోలో పూడిమడక తీసుకెల్లినాడంట కదా.”

“ఎండు సేపలకెల్లినాను. నీకు సెప్పే ఎల్లినాను.”

“సేపల గంప నేకుండానా? ఒడ్డుకి శవం కొట్టుకొచ్చిందని కబురొత్తే ఎల్లినారంట.”

“ఎల్లినాం. అయితే ఏటి? సముద్రమన్నాక ఎన్ని శవాలు కొట్టుకురావు? పోలీసోలు సూడమన్నారు, సూసినాను. మనోడు కాదన్నాను. నిండు నెలల్తో ఉన్నావు, అయ్యన్నీ నీకెందుకని సెప్పనేదు. అంతే. అయిపోనాది.”

“నాను అదే అనుకున్నాను. అబ్బులూ ఇన్నాళ్ళూ అదే అనుకున్నాడు. తిరిగొచ్చేప్పుడు దారిలో ఆటో ఆపమన్నావంట.”

“కడుపులో తిప్పింది. ఆ కంపుకి.”

“ఆపితే దిగి సముద్రంలోకెల్లినావంట. తలతో మునిగినావంట. తడి సీరతోనే ఒచ్చి ఆటో ఎక్కినావు, ఇల్లు సేరేదాకా ఒక్క మాటాడనేదు. ఎందుకు మునిగినావత్తా?”

“పీనుగుని సూత్తే మైల కాదేటి?”

“ఊరూపేరూ తెలీని పీనుగుని సూసినోలు కాళ్ళు కడుక్కుంటారు. అబ్బులు కాళ్ళే కడుక్కున్నాడు. తల మునిగేది సొంతోలే. ఈ పేటలో సిన్నపిల్లకి కూడా తెలుసది. అత్తా, నా మొకం సూడు.”

“ఎడం కాలి సిటికినేలు.”

“ఏటి?”

“మొకం నేదే. సేపలు... మొకం మిగల్నేదు. ఎడం కాలి సిటికినేలు ఒంకరగున్నాది. సిన్నప్పుడు తెప్ప కింద పడి నలిగిపోతే నానే కట్టు కట్టినాను. సరిగ్గా కట్టడం రాక ఒంకరగానే అతుక్కుపోనాది. ఆ ఏలు సూసినాను.”

“సూసి?”

“పోలీసోడు అడిగినాడు. అమ్మా, నీ కొడుకేనా అని.”

“ఏటన్నావు?”

“కాదన్నాను.”

“అత్తా!”

“కాదన్నానే! తొమ్మిది నెలలు మోసి కన్నోడిని, నా కొడుకు కాదన్నాను. ఆలే ఇసకలో గొయ్యి తీసినారు. ఎవడో దిక్కుమాలినోడన్నట్టు దూరంగా నిలబడి సూసినాను. ఏడిత్తే తెలిసిపోద్దని ఏడవనేదు. పిడికెడు మట్టైనా ఎయ్యనేదు.”

“ఎందుకూ? ఎందుకత్తా?”

“నీ బొట్టు కోసమే. నిండు నెలల పిల్లకి గాజులు పగలగొడతంటే సూడనేక.”

“ఇప్పుడు కూడా అబద్దమేనా? గాజులు తీసినా మనోల్లో ఆడది మూల కూకోదు. నిరుడు గంగాలమ్మ కోడలు తీసింది. ఏడాది తిరక్కుండా మారుమనువు సేసీనారు. ఎవడైనా తప్పన్నాడా?”

“తప్పని నానన్నానా? మరి గంగాలమ్మ మనవడెక్కడున్నాడిప్పుడు?”

“తల్లితో భీమిలిలో ఉన్నాడు.”

“అదే! తల్లితో ఎల్లిపోనాడు. వీధిలో ఏ గుంటడేడ్చినా ఆ ముసిల్ది గుమ్మంలోకొచ్చి సూత్తాది, నీకు తెల్దు, నాను రోజూ సూత్తన్నాను. సింహాద్రి పోనాడంటే మీ అన్న తవిటయ్య ఆవేళే ఎలమంచిలిలో రైలెక్కుతాడు. నువ్వు సిన్నదానివి. ఎవడో ఒకడు కట్టుకుంటాడు, నాయమే. నువ్వెల్తే పిల్ల నీ సంకలో ఎల్లిపోద్ది. నాకెవరున్నారే? మొగుణ్ణి సముద్రం తీసుకుంది. కొడుకుని తీసుకుంది. దీన్ని మీ అన్నకిచ్చీసి నానేటి సేతును, సేపల గంపకి కబుర్లు సెప్పుకోనా? ఆడు రానేదంటే నువ్వుంటావు. ఆడు సచ్చినాడంటే ఎల్లిపోతావు. అందుకన్నాను కాదని. అన్నాను.”

“అందుకని లుంగీ ఇయ్యనేదు.”

“సింపితే తాడు మీద ఆరెయ్యాల. పేటంతా సూత్తాది. పోతమ్మకే ఆశ పోనాది, ఇంక కర్మ సేసీడమే అంతారు. ఆ మాట ఎలమంచిలి దాకా ఎల్తాది.”

“నన్ను అట్టిపెట్టుకోడానికి నా పిల్లని తడిలో పడుకోబెట్టినావు.”

“అలగనకే...”

“రాత్రుళ్ళు నాతోటే లేచినావు. దాని ఏడుపు ఇన్నావు. అయ్యో తల్లీ, అయ్యో తల్లీ అన్నావు. తాళం నీ మొలనే ఉన్నాది! ఇది సచ్చిపోతే ఎవర్ని అట్టిపెట్టుకుందువు?”

“అంత మాటనకే! నా నోట మన్ను పడిపోనూ, ఇదిగో, ఇదిగో తాళం. ఉండు, నానే తీత్తాను. నీలం గళ్ళది. ఇదే అన్నిటికన్నా మెత్తన. ఓరి నాయనా, ఓరి సింహాద్రీ... సూడు, సింపుతన్నాను. సింపీసినాను. పిల్లనిటియ్యి. ఎనక మందంగా మడతెట్టాలే, ఆడపిల్ల కదా, తడంతా ఎనక్కే పోద్ది. పైన ఇంకో ముక్క సుట్టు. కింద షీటు తీసీ, లుంగీయే పరిసీ. రెండు మడతలు. ఇంకోటి తీత్తాను, రాత్రికి మార్చడానికుంటాది. మెత్తగుందా తల్లీ? మీ నాన్నదే.”

“ఏడవకత్తా. పిల్ల లేత్తాది.”

“ఏడవనియ్యవే. నా కొడుకు ఇప్పుడే కదా సచ్చినాడు.”

“...”

“మీ అన్నకి సెప్పీతావా?”

“అన్న మొన్న ఆదోరం ఒచ్చినాడు.”

“ఇక్కడికా? నానెక్కడున్నాను?”

“సేపలమ్మడానికెల్లినావు. సింహాద్రి మరి రాడు, మూట కట్టు అన్నాడు. గోపాలపట్నంలో ఎవరో మనిసున్నాడంట, పిల్లతో ఒప్పుకున్నాడంట.”

“నువ్వేటన్నావే?”

“సింహాద్రి ఒచ్చినా రాకపోయినా మా అత్తనొగ్గి రానన్నాను. తల్లి నేని దాన్ని, పురుడు పోసింది ఆవిడే, మమ్మల్ని సాకడానికి వానలో గంపెత్తుకుని తిరుగుతంది ఆవిడే, ఆవిడే నాకు అమ్మన్నాను. తిట్టుకుంటా ఎల్లిపోనాడు.”

“నిజమేనేటే?”

“నిజమే. నీ మీదొట్టు.”

“ఓలమ్మో! నా తల్లే! ముందే సెప్పకపోనావేటే! నానెంత పాపం సేసినాను, ఎందుకు సేసినాను... పోనీలే. పోనీలే తల్లీ. రేపే పూడిమడక ఎల్దాం. పూల దండట్టుకెల్దాం. కర్మ సేసీద్దాం. ఎవడేటనుకుంటే మనకేటి? లుంగీలన్నీ సింపీద్దాం, దీనికి నడకొచ్చేదాకా సరిపోతాయి. మనిద్దరం, గుంటా—”

“పొద్దున్న ఆస్పత్రి బయట ఎస్టీడీ బూతులోంచి అన్నకి ఫోను సేసినానత్తా, ఒచ్చి తీసుకెల్లిపొమ్మని. ఇంటికొచ్చి తాళమడిగినాను. అడగ్గానే ఇచ్చుంటే, నీ అంతట నువ్వే సెప్పుంటే, రావొద్దని మల్లీ ఫోను సేద్దును. వీధిలో ఆటో ఆగింది. పిల్లనొకసారి ఎత్తుకో, పొడిగా ఉన్నాది.”