మిరపకాయల ఘాటు

1982 డిసెంబరు. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌. ఆయన ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి, మంచు పడుతున్నా ఇంటి కప్పు మీద సుత్తి మోత వినిపిస్తోంది. వంటింట్లో భార్య తీరిగ్గా కాఫీ తాగుతోంది.

“పైనెవరు?”

“మన కిచెన్ ఫ్యాన్ బిగించినాయనే. పొగ బయటికి పోయేలా గొట్టం మళ్లీ వేస్తున్నాడు.”

“నేనెన్నిసార్లు అడిగినా వినలేదే. లాయర్ పేరెత్తావా?”

“లేదండీ. ఇవాళ కూడా వచ్చి, ఫ్యాన్ పర్ఫెక్ట్‌గా ఉంది, మీ కుకింగ్‌దే ప్రాబ్లం అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“అయితే చూసి వెళ్లమని స్టవ్ పక్కనే కుర్చీ వేశాను. ఆ ఫ్యానే ఆన్ చేసి, గోంగూర పచ్చడికి ఎండు మిరపకాయలు వేయించాను.”

“కూర్చున్నాడా?”

“ఎక్కడ? దగ్గుతూ బయటికి పరిగెత్తాడు.”

“పాపం, ఈ మంచులో ఎందుకు, రేపు చేయమనకపోయావా?”

“అన్నానండీ. రేపైతే లంచ్ కూడా మా ఇంట్లోనే అన్నాను. వెంటనే వెళ్లి నిచ్చెన తెచ్చుకున్నాడు.”