అప్పగింతల పాట

నరసరావుపేట కల్యాణమండపం ముందు, పెళ్లికూతురు కారెక్కేదాకా వాయించడానికి బ్యాండు నిలబడింది. క్లారినెట్ మాస్టరు, ట్రంపెట్ ఊదే మేనల్లుణ్ని పక్కకు లాగాడు.

"ఊరేగింపులో పాట వదిలేసి ఎటు పోయావురా?"

"అది జాజ్ మామా. పాట మధ్యలో అప్పటికప్పుడు సొంతంగా అల్లుకుంటూ పోవడం. ఫోన్లో విని పట్టుకున్నా."

"వాళ్లు చదువుకొని వాయిస్తారు. నీకు సరిగమలే రావు. ఇంకోసారి పాట దాటితే యూనిఫాం విప్పి పో."

"పాట అయిపోయినా పిల్ల తల్లిని వదలకపోతే నువ్వు ఇంకా ఏదో ఊది లాగిస్తావే, అదెక్కడ చదివావు?"

"అదేంది... పిల్లని చూసి వాయించేది."

"వాళ్లదీ అంతేనంట."

"నోరు ముయ్. మొదలెట్టు."

పాట అయిపోయింది. పెళ్లికూతురు కారు దగ్గరనుంచి మళ్లీ వెనక్కి పరిగెత్తి తల్లిని కరుచుకుంది. ఇంకా లాగించబోయిన మాస్టరుకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి, క్లారినెట్ ఆగింది.

"మామా, ఊదనా? యూనిఫాం విప్పనా?"

"నన్నెందుకురా చూస్తావు? ఆ పిల్లని చూసి ఊదు."