బకెట్టు తాడు

ఇంటి గోడకు రంగు వేస్తున్న మేస్త్రి పరంజా మీద నుంచి జారి, మట్టిలో వెల్లకిలా పడి ఉన్నాడు. ఇంటావిడ అతని తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది. బావమరిది కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"లేపకూడదు బావా! అంబులెన్స్ వచ్చేదాకా కదపొద్దని ఫోన్లో మరీ మరీ చెప్పారు."

"వాళ్లకేం, ఎన్నైనా చెప్తారు. చెయ్యందుకో. పడ్డవాణ్ణి లేపి కూర్చోబెట్టరా ఎవరైనా?"

"తల తిప్పకు బాబూ! కార్లో తీసుకెళ్దామని నేనూ అన్నాను. వెన్నుకి దెబ్బ తగిలుంటే, కదిపితే ఇంకా పాడవుతుందట."

"వెన్నుకేం కాలేదమ్మా. నొప్పే లేదు."

"నొప్పి లేదా?"

"నడుం కింద అసలే లేదు. బతికిపోయాను."

"నడుం కిందా బావా?"

"ఏరా, అలా నోరు తెరుచుకుని చూస్తావేం?"

"ఏం లేదు బావా."

"మీ అక్కకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. హడలిపోతుంది. సాయంత్రం నేనే నడిచెళ్లి చెప్తా. ఒరేయ్, నడుముకి బెల్టు ఉందిగా నాకు?"

"ఉంది."

"మరి పడుతుంటే తాడు ఆపాలిగా. తెగిందా?"

"తెగలేదు."

"వెనక కొక్కెం ఊడిందా? రోజూ తగిలించేది నువ్వేగా!"

"బావా, దాహంగా ఉందా? నీళ్లు..."

"నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు కదయ్యా!"

"మాట మార్చకు. నా తాడేదిరా?"

"పైన."

"పైన ఎక్కడ?"

"బకెట్టుకి."

"ఏ బకెట్టుకి?"

"రంగు బకెట్టుకి బావా. దాని తాడు పీచులు లేచిపోయింది. నువ్వు టీకి దిగినప్పుడు నీ తాడు విప్పి దానికి కట్టా. నీకు వేరేది తెచ్చి తగిలిద్దామనుకున్నా. ఇంతలో నువ్వు ఫోన్ మాట్లాడుతూ ఎక్కేశావు."

"తగిలించావనుకున్నాను కదరా!"

"అరిచాను. నీకు వినపడలేదు."

"నన్ను విప్పి బకెట్టుని కట్టావా?"

"నిన్న బకెట్టు పడితే అందరి ముందూ ఎంత తిట్టావు! మళ్లీ పడితే చంపేస్తావని భయమేసింది. నువ్వు పడతావని ఎవరనుకున్నారు బావా? నువ్వెప్పుడూ పడలేదుగా!"

"ఇప్పుడా బకెట్టేమైంది?"

"వేలాడుతోంది. చుక్క కూడా ఒలకలేదు."

"వెధవా."

"మీ బావని మాట్లాడించకయ్యా. అతని మొహమంతా చెమటలు పట్టేశాయి."

"తిట్టనీండమ్మా. గట్టిగా తిట్టు బావా. అలా నీరసంగా అంటే నాకు భయంగా ఉంది. పోనీ, రోజూ తన్నినట్టు ఒక్కటి తన్ను. ఇదిగో, నీ కాళ్ల దగ్గరే ఉన్నా."

"ఇందాకటి నుంచీ తంతూనే ఉన్నానురా. తగలట్లేదా?"